గాజు సీసాను స్టీమ్‌పంక్ శైలిలో అలంకరించి బహుమతిగా ఇవ్వడం ఎలా?

స్టీమ్‌పంక్ సీసాలు చేయాలనుకునేవారు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. రంగు పొరలుపొరలుగా ఎందుకు ఊడిపోతోంది? పళ్ల చక్రాలు (గేర్లు) విశాఖలో ఎక్కడ దొరుకుతాయి? అన్నీ శ్రద్ధగా అంటించినా సీసా యంత్రంలా ఎందుకు కనిపించడం లేదు?

మొదటి రెండింటికీ జవాబులు తేలిక. మూడోదే అసలు ప్రశ్న. పంతొమ్మిదో శతాబ్దపు ఆవిరి యంత్రాల కాలం అలాగే సాగి ఉంటే వస్తువులు ఎలా ఉండేవో ఊహించి చేసే శైలే స్టీమ్‌పంక్. ఇత్తడి, రాగి, రివెట్లు (రేకులను కలిపి బిగించే గుండ్రటి తలల మేకులు), గొట్టాలు, గేజీలు (ఆవిరి ఒత్తిడి చూపే డయళ్లు), తోలు పట్టీలు దీని సరంజామా. అయితే సరంజామా అంతా ఒకచోట చేరినంత మాత్రాన యంత్రం కాదు. సీసా మీద ఉన్న ప్రతి ముక్కకూ ఒక పని ఉండాలి. ఆవిరి ఎక్కడ పుడుతోంది, ఏ గొట్టంలోంచి పోతోంది, ఎక్కడ కొలుస్తున్నారు, ఎక్కడ ఆపుతున్నారు అన్నది చూసేవారికి తెలియాలి. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మొదటి సీసానే బాగా వస్తుంది.

పని మొదలుపెట్టే ముందు వీలైతే విశాఖ ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూసి రండి. 1969లో నౌకాదళంలో చేరిన కురుసుర 2001లో సేవల నుంచి తప్పుకుంది, 2002లో మ్యూజియం అయింది. అది డీజిల్‌తో, విద్యుత్తుతో నడిచిన నౌక, ఆవిరితో కాదు. అయినా గొట్టాలు, వాల్వులు, గేజీలు ఒకదానితో ఒకటి ఎలా కలుస్తాయో తెలుసుకోవడానికి మన ఊళ్లో అంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. గొట్టం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో, తిప్పే చక్రం చేతికి అందే చోట ఎలా ఉందో, గేజి ఎటు తిరిగి ఉందో, బోల్టుల మధ్య దూరం ఎంత సమానంగా ఉందో గమనించండి. గొట్టం గాలిలో తెగిపోయి ఆగడం మీకు ఎక్కడా కనిపించదు.

బహుమతి ఇచ్చే రోజుకు కనీసం పది రోజుల ముందు మొదలుపెట్టండి. వర్షాకాలమైతే రెండు వారాలు. చేతిపని కొన్ని గంటలే, మిగిలిన సమయమంతా ఆరడానికే పోతుంది. విశాఖ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి డబ్బాల మీద రాసిన ఆరే సమయాన్ని నమ్ముకోకండి, దానికి రెట్టింపు లెక్క వేసుకోండి.

కావలసినవి

సీసా: మందపాటి గాజుది, ఒక పక్కైనా చదునుగా ఉన్నది. స్క్వాష్, వెనిగర్, సాస్ సీసాలు బాగుంటాయి. గుండ్రటి సీసా కూడా పనికొస్తుంది కానీ మొదటిసారి చేసేవారికి పలకల సీసాయే సులువు.

యంత్ర భాగాలు: వీటి కోసం ఆన్‌లైన్‌లో రెడీమేడ్ పొట్లాలు కొనకండి. అందులో అన్నీ ఒకే మందంలో, ఒకే రకం పోతపోసిన చక్రాలు ఉంటాయి. వాటితో చేసిన సీసాలన్నీ ఒకేలా ఉంటాయి. వాచీలు, గోడ గడియారాలు బాగుచేసే దుకాణంలో పనికిరాని భాగాలు అడగండి. ఇప్పటి క్వార్ట్జ్ గడియారాల్లో ఎక్కువగా ప్లాస్టిక్ చక్రాలే ఉంటాయి, రంగు వేశాక తేడా తెలియదు. పాత కీ ఇచ్చే అలారం టైమ్‌పీస్ దొరికితే అందులో ఇత్తడి చక్రాలుంటాయి. ఫ్రిజ్ మెకానిక్ దగ్గర సన్నటి రాగి గొట్టం తుంపులు దొరుకుతాయి. కాపిలరీ ట్యూబు అని అడగండి, చేత్తోనే వంగుతుంది. మోటారు వైండింగ్ షాపులో తీసిపారేసిన రాగి తీగ ఉంటుంది. వాషర్లు, నట్లు, చిన్న స్ప్రింగులు హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతాయి. గాజువాక ఆటోనగర్ వైపు వెళ్లేవారైతే లేత్ షెడ్లలో మిగిలిన ముక్కలు చూడండి. టైలరింగ్ సామాన్ల కొట్టులో టిచ్ బటన్లు, హుక్కులు, ఇత్తడి జిప్పులు తీసుకోండి. తోలు పట్టీకి పాత బెల్టు చాలు, లేదంటే సీటు కవర్లు కుట్టేచోట రెక్సిన్ ముక్క అడగండి.

జిగుర్లు: రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ (అరల్డైట్ లాంటిది), ఎంసీల్ (రెండు ముద్దలు కలిపితే గట్టిపడేది), తెల్ల ఫెవికాల్.

రంగులు: నలుపు, ముదురు గోధుమ, రాగి, పాత బంగారం, కొద్దిగా వెండి, నీలిపచ్చ, ఇటుక రంగు. అన్నీ అక్రిలిక్. గెస్సో గానీ అక్రిలిక్ ప్రైమర్ గానీ (రంగుకు పట్టు కోసం ముందుగా వేసే పూత) ఒక చిన్న డబ్బా. మ్యాట్ వార్నిష్.

ఇవి కాక: 220 నంబరు నల్ల వాటర్ పేపర్ (తడిపి రుద్దే ఉప్పు కాగితం), సర్జికల్ స్పిరిట్, దూది, మాస్కింగ్ టేపు, పట్టకారు, గట్టి వెంట్రుకల చదును బ్రష్షు ఒకటి, మెత్తటిది ఒకటి, టిష్యూ పేపరు, అయస్కాంతం, చేతి తొడుగులు, మాస్కు.

రెండు హెచ్చరికలు ముందే

పాత టైమ్‌పీస్‌ను మీరే విప్పకండి. లోపల బిగుసుకుని ఉన్న స్ప్రింగు ఒక్కసారిగా విడిపోతే వేళ్లు తెగుతాయి. స్ప్రింగు వదులు చేసి ఇమ్మని రిపేరు చేసేవారినే అడగండి. ఇంకొకటి, చీకట్లో మెరిసే అంకెలున్న చాలా పాత వాచీ డయళ్లలో రేడియం ఉండే అవకాశం ఉంది. వాటిని గీకకండి, విప్పకండి, ఈ పనికి అసలు వాడకండి.

1. సీసాను కడగడం

గోరువెచ్చని నీళ్లలో ఒక గంట నానబెడితే లేబుల్ వదులవుతుంది. చల్లటి సీసాలో మరిగే నీళ్లు పోయకండి, పగులుతుంది. మిగిలిన జిగురు మీద కొబ్బరినూనె, వంటసోడా కలిపిన ముద్ద రాసి, కాసేపాగి రుద్దండి. తర్వాత గిన్నెల సబ్బుతో రెండుసార్లు కడిగి, ఆరాక స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి.

పరీక్ష: సీసా మీద నీళ్లు పోయండి. నీరు సమంగా పొరలా జారితే శుభ్రమైనట్టే. బొట్లుబొట్లుగా విడిపోతే నూనె ఇంకా ఉంది, మళ్లీ కడగండి. రంగు ఊడిపోతోందని చెప్పేవారిలో చాలామంది ఈ పరీక్ష చేసి ఉండరు. శుభ్రం చేశాక సీసాను వేళ్లతో కాకుండా మూతి లోపల కర్ర పెట్టో, తొడుగు వేసుకునో పట్టుకోండి.

2. భాగాలను వేరుచేయడం

ప్రతి ముక్కకూ అయస్కాంతం ఆనించండి. అతుక్కుంటే ఇనుము. ఇనుప ముక్కలను వేరే గిన్నెలో వేయండి. సముద్రపు గాలిలో ఇనుము తుప్పుపట్టడం మనకు కొత్త కాదు. అక్రిలిక్ రంగు నీటితో చేసింది కాబట్టి ఇనుము మీద నేరుగా వేస్తే ఆ రంగులోంచే నారింజ మరకలు బయటికి వస్తాయి. ఒక్కోసారి అవి బహుమతి ఇచ్చాక కనిపిస్తాయి. అందుకని ఇనుప ముక్కలను ఉప్పు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, ఒక పూత రెడ్ ఆక్సైడ్ వేసి ఒక రోజంతా ఆరనివ్వండి. రెడ్ ఆక్సైడ్ లేకపోతే రంగులేని గోళ్ల పాలిష్ రెండు పూతలు వేయండి, చిన్న ముక్కలకు సరిపోతుంది. అంచులు, రంధ్రం లోపలి వైపు మరచిపోకండి. తుప్పు మొదలయ్యేది అక్కడే.

గింజలు అంటించే అలవాటు కొందరికి ఉంది. ఆవాలు, పెసలు రివెట్లలా కనిపిస్తాయని వాడతారు. దయచేసి వద్దు, తేమకు పురుగు పడతాయి.

3. ఆవిరి దారి గీయడం

అందరూ దాటేసే మెట్టు ఇదే, నేను ఎక్కువ సమయం పెట్టమనేదీ ఇక్కడే.

సీసాను కాగితం మీద పడుకోబెట్టి చుట్టూ గీయండి. ఆ బొమ్మలో ముందుగా మూడు చోట్లు నిర్ణయించండి: ఆవిరి పుట్టే చోటు, కొలిచే చోటు, బయటికి పోయే చోటు. సాధారణంగా సీసా అడుగుభాగం బాయిలర్ అనుకుంటే బాగుంటుంది, అక్కడ బరువైన వాషర్లు, పెద్ద రివెట్లు పెట్టవచ్చు. నడుమ గేజి. మెడ దగ్గర వాల్వు చక్రం, మూత పక్కన పొగగొట్టం. వీటిని కలుపుతూ ఒకటి లేదా రెండు గొట్టాలు గీయండి. ప్రతి గొట్టానికీ రెండు కొసలా ఒక వాషరో నట్టో ఉండాలి. అప్పుడే అది దేనికో బిగించినట్టు కనిపిస్తుంది.

తర్వాతే చక్రాలు. పక్కపక్కన ఉన్న రెండు చక్రాల పళ్లు ఒకదానిలో ఒకటి దూరాలి. దూరంగా ఒంటరిగా ఉన్న చక్రం దేన్నీ తిప్పదు, అలాంటిది తీసేయండి. మూడు చక్రాలను ఒక చుట్టులో ఒకదానికొకటి ఆనించకండి, నిజంగా అయితే అవి తిరగవు, బిగుసుకుపోతాయి. ఇంజినీరు చేతికి ఇచ్చే బహుమతి అయితే ఆయన మొదట చూసేది అదే.

ముక్కలన్నీ కాగితం మీద పేర్చి ఫోనుతో ఫొటో తీయండి. ఆ ఫొటోను నలుపు తెలుపులోకి మార్చి చూడండి. కన్ను ముందు ఎక్కడికి వెళ్తోంది? గేజి మీదికి వెళ్తే సరి. ఎక్కడా ఆగకపోతే ముక్కలు ఎక్కువైనట్టు. మూడో వంతు తీసేసి మళ్లీ చూడండి. సీసా మీద ఖాళీ స్థలం ఉండాలి. రివెట్ల వరుస తప్ప మరేమీ లేని చదునైన చోటు యంత్రానికి బరువునిస్తుంది.

4. కిటికీ, గరుకుతనం

లోపల లైటు పెట్టాలనుకుంటే గాజు కనిపించే కిటికీ ఇప్పుడే వదలాలి. మాస్కింగ్ టేపును గుండ్రంగా గానీ కోడిగుడ్డు ఆకారంలో గానీ కత్తిరించి గట్టిగా అంటించండి. అంచులను గోటితో రుద్దండి.

మిగిలిన గాజునంతా వాటర్ పేపరుతో తడిపి రుద్దండి. పొడిగా రుద్దితే గాజు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అందుకే తడి, అందుకే మాస్కు. మెరుపు పోయి పాలిపోయినట్టు కనిపించేదాకా చాలు. కడిగి, ఆరనిచ్చి, మళ్లీ స్పిరిట్‌తో తుడవండి.

5. అంటించడం

ఒక నియమం: పెద్ద భాగాలను రంగు మీద కాకుండా గాజు మీదే అంటించాలి. రంగు మీద అంటిస్తే ముక్క రంగు పొరను పట్టుకుని వేలాడుతుంది, ఏదో ఒకరోజు ఆ పొరతో సహా ఊడిపోతుంది.

హాట్ గ్లూ గన్ చాలామంది ఇళ్లలో ఉంటుంది. నునుపైన గాజు మీద అది నిలబడదు. మే నెల ఎండలో కారులో పెట్టిన సీసా మీద మెత్తబడుతుంది కూడా. తక్షణం అంటుకునే జిగురు చుట్టూ తెల్లటి మసక వదులుతుంది, దెబ్బ తగిలితే పుటుక్కున వదిలేస్తుంది. ఎపాక్సీయే వాడండి. రెండు ట్యూబుల నుంచీ సమానంగా తీసి, పాత ప్లాస్టిక్ మూతలో బాగా కలపండి. ఒక భాగం ఎక్కువైతే జిగురు ఎన్నటికీ గట్టిపడదు, జిడ్డుగానే ఉండిపోతుంది.

సీసా దొర్లకుండా తువ్వాలు చుట్టచుట్టి దాని మధ్య పడుకోబెట్టండి. ఒక పూటకు ఒక పక్కే అంటించండి. నిలబెట్టి అంటిస్తే ముక్కలు మెల్లగా జారి, తెల్లారేసరికి మీరు అనుకున్నచోట ఉండవు. వంపు మీద చదును ముక్క పెట్టేటప్పుడు అడుగున సన్నటి ఎంసీల్ ముద్ద వేసి నొక్కండి, ఖాళీ నిండుతుంది. ఎంసీల్‌ను తొడుగులు వేసుకునే కలపండి, తడి వేలితో నునుపు చేయండి.

గొట్టాలు చివర్లో. రాగి గొట్టాన్ని పెన్సిలు చుట్టూ వంచితే నలగకుండా గుండ్రంగా తిరుగుతుంది. రాగి దొరకకపోతే వంగే స్ట్రాలు వాడండి, వాటి ముడతల భాగం అచ్చం గొట్టం మలుపులాగే ఉంటుంది.

పరీక్ష: ఒక రోజు గడిచాక ప్రతి ముక్కనూ వేలితో పక్కకు తోయండి. లాగడం కాదు, తోయడం. కదిలితే ఇప్పుడే తీసి మళ్లీ అంటించండి. సీసాను నిలబెట్టి బల్లను చిన్నగా కుదపండి. ఒక పక్కకు తూగుతుంటే లోపల బరువు కావాలి. దానికి బీచ్ ఇసుక వేయకండి. అందులోని ఉప్పు తేమను లాక్కుని గాజు లోపల మసక పట్టిస్తుంది. కడిగి బాగా ఎండబెట్టిన చిన్న గులకరాళ్లు మంచివి.

6. గేజి

సోడా సీసా మూత ఒకటి తీసుకోండి, దాని అంచు మడతలు గేజి చట్రంలా పనికొస్తాయి. లోపలికి సరిపడేలా కాగితం కత్తిరించి, టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెడితే పాతబడిన రంగు వస్తుంది. దాని మీద డయల్ గీయండి. ప్రెషర్ గేజీల్లో సున్నా ఎడమవైపు కింద ఉంటుంది, చివరి అంకె కుడివైపు కింద ఉంటుంది, అడుగున కొంత భాగం ఖాళీ. గడియారంలా చుట్టూ అంకెలు వేయకండి, చూసినవారు అది గడియారమే అనుకుంటారు.

తెలుగు అంకెలు వేసి చూడండి: ౦, ౧౦, ౨౦, ౩౦, ౪౦. చాలా అందంగా ఉంటాయి. ముల్లు ఎక్కడ చూపించాలన్నది మీ చేతిలో ఉంది. పోర్టులోనో స్టీల్ ప్లాంటులోనో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి రిటైరవుతున్న మామయ్యకు ఇస్తుంటే ముల్లు ౩౪ దగ్గర పెట్టండి. పెళ్లిరోజు బహుమతి అయితే ఎన్నో ఏడో అది. ముల్లు సున్నా మీద మాత్రం వద్దు, యంత్రం ఆగిపోయిందని అర్థం వస్తుంది.

కాగితానికి రెండు వైపులా పల్చటి ఫెవికాల్ పూసి ఆరనిచ్చాకే పైన పారదర్శక ఎపాక్సీ పోయండి. లేకపోతే సిరా పాకుతుంది, కాగితం మరకలు పడుతుంది. బుడగలు వస్తే హెయిర్ డ్రయ్యర్ గాలి దూరం నుంచి చూపించండి, పైకి తేలి పగులుతాయి. గట్టిపడ్డాక డయల్ మీద టేపు ముక్క అంటించి సీసా మీద బిగించండి. రంగుల పని అంతా అయ్యాకే ఆ టేపు తీయాలి.

7. రివెట్లు, పేరు పలక

రివెట్లకు ఫ్యాన్సీ షాపులో దొరికే సగం ముత్యాల స్టిక్కర్లు వాడవచ్చు. ఇంకా మంచి దారి గోరింటాకు కోన్. ఫెవికాల్‌లో మెత్తటి చాక్‌పీస్ పొడి, కొంచెం నల్ల రంగు కలిపి చిక్కటి ముద్ద చేసి ఖాళీ కోన్‌లో నింపండి. గోరింటాకు పెట్టడం వచ్చినవారికి ఒకే కొలత చుక్కలు పెట్టడం నేర్పనక్కర్లేదు. ముందుగా స్కేలుతో పెన్సిలు గుర్తులు పెట్టుకోండి, రివెట్ల మధ్య దూరం తప్పితే పని అంతా చౌకగా కనిపిస్తుంది. చుక్కకు కొస లేస్తే తడి వేలితో నొక్కండి.

పేరు పలకకు కూల్‌డ్రింక్ అల్యూమినియం డబ్బా కత్తిరించండి. అంచులు బ్లేడంత పదును, కత్తిరించగానే లోపలికి మడిచేయండి. పాత వార్తాపత్రికల దొంతర మీద పెట్టి, సిరా అయిపోయిన బాల్ పెన్నుతో రాస్తే అక్షరాలు లోపలికి దిగుతాయి. ఉబ్బెత్తుగా రావాలంటే వెనక వైపు నుంచి, అద్దంలో కనిపించినట్టు తిరగేసి రాయాలి. బటర్ పేపరు మీద పేరు మామూలుగా రాసి, ఆ కాగితాన్ని తిప్పి పెట్టి గీస్తే తప్పు రాదు. తెలుగు అక్షరాల గుండ్రటి వంపులు రేకు మీద బాగా లేస్తాయి, ఇంగ్లిషు అక్షరాల మూలలైతే చిరుగుతాయి. తీసుకునేవారి పేరు, కింద «విశాఖపట్నం», సంవత్సరం చాలు. పాత యంత్రాల మీద తయారైన ఊరి పేరు ఉండటం మామూలే. రేకు మీది మెరుపు పూతను ఉప్పు కాగితంతో రుద్ది, నాలుగు మూలలా రివెట్ చుక్కలు పెట్టి అంటించండి.

ఇంకా నునుపుగా కనిపిస్తున్న గాజు మీద టిష్యూ పేపరు ముక్కలు చింపి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో అంటించండి. ముడతలు పోతపోసిన లోహపు గరుకులా కనిపిస్తాయి, రంగుకూ పట్టు దొరుకుతుంది.

8. నల్ల పూత

మొదట గెస్సో లేదా ప్రైమర్ పల్చగా ఒక పూత. ఒక రోజు ఆరాక నల్ల అక్రిలిక్ రెండు పల్చటి పూతలు. మందంగా ఒకేసారి వేస్తే పైన ఆరి లోపల తడిగా ఉండి, తర్వాత పగుళ్లిస్తుంది. చక్రాల పళ్ల మధ్య, గొట్టాల కింద, వాషర్ల రంధ్రాల్లో తెల్లటి చుక్క కూడా మిగలకూడదు. సన్న బ్రష్షుతో, టార్చి వెలుతురులో వెతకండి.

బ్రష్షుతో ఓపిక లేనివారు మ్యాట్ నల్ల స్ప్రే డబ్బా వాడవచ్చు, గాజును బాగా పట్టుకుంటుంది. ఆరుబయట, జానెడు కన్నా కాస్త ఎక్కువ దూరం నుంచి, పొయ్యికీ అగరువత్తులకూ దూరంగా కొట్టండి.

పరీక్ష: ఒక రోజంతా ఆరాక కనిపించని చోట సెల్లోటేపు నొక్కి, ఒక్క ఊపులో లాగండి. చుక్కలు చుక్కలుగా వస్తే మరో రోజు ఆగి మళ్లీ చూడండి. పొర మొత్తం లేచి వస్తే శుభ్రం చేయడంలోనే లోపం. పై రంగులు వేసి దాన్ని కప్పిపుచ్చలేరు. అక్కడి పొరను గీకి, స్పిరిట్‌తో తుడిచి, ప్రైమర్ నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

9. లోహపు రంగు

గట్టి బ్రష్షు కొసకు రాగి రంగు కొద్దిగా అద్దండి. వెంటనే వార్తాపత్రిక మీద తుడిచేయండి, రంగు అయిపోయిందేమో అన్నంతగా. ఆ దాదాపు పొడి బ్రష్షును ఉబ్బెత్తు భాగాల మీద తేలికగా ఆడించండి. ఎత్తులు మెరుస్తాయి, లోతులు నల్లగా మిగులుతాయి. యంత్రం రూపం వచ్చేది ఈ ఘడియలోనే.

ఎక్కువగా జరిగే తప్పు బ్రష్షు మీద రంగు ఎక్కువ ఉండటం. లోతులు కూడా నిండిపోయి అంతా ఒకే రాగి ముద్ద అవుతుంది. అలా జరిగితే తుడవకండి. ఆరాక నీళ్లలా పల్చగా చేసిన నలుపును లోతుల్లోకి వదిలి, పైన గుడ్డతో అద్దండి. ముందుగా నల్ల అట్ట మీద అంటించిన ఒక వాషరు మీద చేయి సర్దుకోవడం మంచిది.

అన్నింటికీ ఒకే రంగు వేయకండి. గొట్టాలకు రాగి, చక్రాలకు, గేజి అంచుకు పాత బంగారం, బాయిలర్ భాగానికి ముదురు గోధుమ మీద కొంచెం రాగి. వెండి రంగు చేతులు తగిలి అరిగే చోట్ల మాత్రమే: వాల్వు చక్రం అంచు, బోల్టు తలలు. అసలు రాగి గొట్టం వాడినవారు దానికి రంగు వేయనక్కర్లేదు, నలుపును గుడ్డతో సగం తుడిచేస్తే చాలు.

10. వయసు తేవడం

తుప్పు ఇనుముకు, చిలుము ఇత్తడికీ రాగికీ. ఈ తేడా చింతపండుతో ఇత్తడి కుందులు తోమిన ప్రతి ఇంట్లోనూ తెలుసు, కానీ బ్రష్షు పట్టుకోగానే మరచిపోతాం. నీలిపచ్చ రంగును బాగా నీళ్లు కలిపి, రాగి గొట్టాల కీళ్ల దగ్గర, చక్రాల మధ్య, నీరు నిలిచే చోట్ల మాత్రమే చుక్కగా వదలండి. క్షణం ఆగి ఎత్తుల మీద తుడిచేయండి. ఇనుపలా కనిపించే చోట్ల ఇటుక రంగు పల్చగా, బోల్టుల నుంచి కిందికి జారినట్టు ఒక గీత. తుప్పు గరుకుగా కావాలంటే జల్లించిన ఎర్ర ఇటుక పొడిని ఫెవికాల్‌తో కలిపి రెండు మూడు చోట్ల అద్దండి. అంతకు మించి వద్దు. బాగా చూసుకుంటున్న పాత యంత్రంలా ఉండాలి తప్ప పాడుపెట్టినట్టు కాదు, ఇది బహుమతి.

11. వార్నిష్, కిటికీ తెరవడం

రెండు రోజులు ఆరాక మ్యాట్ వార్నిష్ రెండు పల్చటి పూతలు వేయండి. లోపల వాడిన తెల్ల ఫెవికాల్ తడికి మెత్తబడుతుంది, కాబట్టి ఈ మెట్టు వదలకూడదు. స్ప్రే వార్నిష్ అయితే వాన పడుతున్న రోజున, మబ్బు పట్టిన సాయంత్రాన కొట్టకండి. గాలిలో తేమ పూతలో చిక్కుకుని తెల్లటి పొగలా మిగిలిపోతుంది. ఎండ కాసే పొద్దున పది, పదకొండు గంటల వేళ మంచిది.

కిటికీ టేపును నేరుగా లాగితే చుట్టూ ఉన్న రంగు పొర కూడా చిరుగుతుంది. ముందు అంచు వెంబడి కొత్త బ్లేడుతో సన్నగా కోసి, తర్వాత మెల్లగా ఎత్తండి. గేజి మీది టేపును కూడా అలాగే. మెడకు తోలు పట్టీ చుట్టి, చిన్న బకిల్‌తో బిగించండి.

లైటుకు బిరడాలో అమర్చి వచ్చే సన్నటి రాగి తీగ ఎల్‌ఈడీ దండ చాలు. వాటిలో చాలావరకు గుండీ బ్యాటరీలుంటాయి. పిల్లలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది, కాబట్టి చంటిపిల్లలున్న ఇంటికి ఇచ్చేటప్పుడు లైటు లేకుండానే ఇవ్వండి. బిరడా బదులు ఏటికొప్పాక లక్క పనివారు చేసిన చెక్క మూతగానీ పెద్ద పూసగానీ పెడితే సీసాకు మన ప్రాంతపు గుర్తు కూడా చేరుతుంది. అందులో ముదురు ఎరుపు, పసుపు రంగులు ఇత్తడి పక్కన చక్కగా కుదురుతాయి.

ప్యాకింగ్

వార్నిష్ చేతికి ఆరినట్టున్నా లోపల ఇంకా మెత్తగా ఉంటుంది. అప్పుడే బబుల్ చుడితే ఆ బుడగల అచ్చులు సీసా మీద పడతాయి. గోటితో అడుగుభాగాన్ని నొక్కండి, గుర్తు పడితే ఇంకో రెండు రోజులు ఆగండి. ముందు పాత నూలు గుడ్డ, దాని మీద బబుల్, చుట్టూ నలిపిన కాగితం పెట్టి గట్టి అట్టపెట్టెలో సర్దండి. పెట్టెను ఊపితే లోపల చప్పుడు రాకూడదు. సిలికా జెల్ పొట్లం ఒకటి వేయండి. బస్సులోనో రైల్లోనో తీసుకెళ్తుంటే ఒళ్లో పెట్టుకోండి, కొరియర్‌లో పంపితే పొగగొట్టం లాంటి పొడుగు భాగాల చుట్టూ అదనంగా కాగితం దట్టించండి.

పెట్టెలో ఒక చీటీ రాసి పెట్టండి: ఇందులో నీళ్లు, నూనె, తినే వస్తువులు పోయవద్దు. తడిగుడ్డతో తుడవవద్దు, దుమ్ము పడితే మెత్తటి బ్రష్షుతో దులపండి. సముద్రం వైపు కిటికీ గట్టు మీద, నేరుగా ఎండ పడేచోట పెట్టవద్దు. లైటు వాడనప్పుడు బ్యాటరీలు తీసి ఉంచండి.